ఖబరు రాని ఇల్లు

జర మంట దగ్గరికి జరుగుండ్రి. పత్తి కట్టె జల్ది అంటుకుంటది, జల్దే ఆరిపోతది, అందుకే నడుమ తుమ్మ మొద్దు పెట్టిన. పొద్దుమీకి టీవీల సిన్మా సూస్తిరి. జాసూసోడు పది మందిని కొట్టి, గోడ దుంకి, విమానమెక్కి ఇంటికచ్చె. మీరు సప్పట్లు కొడితిరి. నేనేమనలే. కని జాసూసని పేరు వడ్డంక మనిషికేమైతది, ఆ మనిషి ఇంటోళ్లకేమైతది, గది సిన్మాల సూపియ్యరు. గది నేను చెప్త. ఇది మరీ ఎనుకటి ముచ్చట గాదు, మీరు పుట్టినంక అయిందే. అయినా ఎనుకటి నుంచి మొదలువెడితేనే మీకు సమజైతది.

నేను టపా పంచినోన్ని గదా. నేను పుట్టినప్పుడు మన ముధోల్ తాలూకా నాందేడు జిల్లాల ఉండె. 1956ల తెలుగోళ్లందరిని ఒక్క రాష్ట్రం చేసినప్పుడు మనల్ని ఆదిలాబాద్‌ల కలిపిన్రు. అందుకే మన భైంసాల తెలుగు, మరాఠీ, ఉర్దూ మూడూ నడుస్తయి, ఉత్తరాల మీద అడ్రసులు గూడ మూడు తీర్ల ఉండేటియి. 1973ల అరబ్బోళ్ల నూనె రేటు ఒక్కపారే పెరిగింది. ఆ పైసలతోని ఆళ్లు రోడ్లు, బంగ్లాలు కట్టుడు షురూ చేసిన్రు. కట్టేటందుకు మనుషులు కావాలె. మన నిర్మల్, జగిత్యాల, ఆర్మూర్, సిరిసిల్ల దిక్కు వానను నమ్ముకొని ఎవుసం చేసెటోళ్లు అప్పు తెచ్చి, బొంబాయి ఏజెంటు చేతుల పోసి పోయిన్రు. బాసర టేషన్ల రైలెక్కిచ్చేటప్పుడు ఆడోళ్లు ఏడ్సుడు నేను కండ్లార సూసిన.

పోయినంక ఏముంటది? ఉత్తరమే. నీలి రంగు ఏరోగ్రామ్, మూడు మడతలు పెట్టి అంటిచ్చింది. నేను సైకిలు దిగకముందే గడప మీద ఒక ఆడిబిడ్డ నిలవడి ఉండేది. సదువు రానోళ్లు నన్నే సదువుమనెటోళ్లు. మొగడు పెండ్లానికి రాసుకున్న మాట పరాయి మొగోడు సదువుడంటే నాకే సిగ్గనిపిచ్చేది, తలకాయ దించుకొని సదివేటోన్ని. డ్రాఫ్టు రిజిస్ట్రీల అచ్చేది, ఏలిముద్ర పెట్టిచ్చుకొని ఇచ్చేటోన్ని. తర్వాత మాటలు నింపిన క్యాసెట్లు అచ్చుడు షురువైంది. పిల్లలు టేపురికార్డు సుట్టు కూసొని నాయిన గొంతు ఇనేటోళ్లు, ఒడిసినంక మల్ల ఎనుకకు తిప్పి ఇనేటోళ్లు.

ఆ నౌకరీల నేను నేర్సుకున్నది ఒక్కటే. చెడ్డ ఖబరు మోసుకపోవుడు కష్టమే. కని ఖబరే లేని ఇంటి ముందటి నుంచి సైకిలు తొక్కుకుంట పోవుడు దానికన్న కష్టం. చెడ్డ ఖబరు అచ్చిన ఇంటికి నలుగురు అస్తరు, ఏడుస్తరు, జరగాల్సింది జరిపిస్తరు. ఖబరు రాని ఇంట్ల ఏడ్సుటానికి గూడ ధైర్నం ఉండదు, ఏడిస్తే కీడని భయం. బొట్టు పెట్టుకోవాల్నా వద్దా, పండుగ చెయ్యాల్నా వద్దా, ఏదీ తెల్వదు.

1990 ఆగస్టు 2 నాడు ఇరాక్ ఫౌజు కువైట్ల జొచ్చింది. అప్పుడు సూసిన నేను. ఉత్తరాలు బంద్, ఫోన్లు బంద్. పొద్దుగాల్నే ఆడోళ్లు అచ్చి టపాఖానా అరుగు మీద కూసునేటోళ్లు. నేను సంచి ఇప్పుతుంటే అందరి కండ్లు నా చేతుల మీదనే. సంచిల కరెంటు బిల్లు, పెండ్లి పత్రికె, కోర్టు సమను, గంతే. "లేదమ్మా" అనుడు నాతోని అయ్యేది కాదు, సంచి తిరగేసి దులిపి సూపిచ్చేటోన్ని. సర్కారు విమానాలు పెట్టి, జోర్డాన్ దేశం అమ్మాన్ నుంచి లక్షకు పైన మనోళ్లను తోలుకచ్చింది. ఒకలెంట ఒకలు చేతుల ఉత్త సంచులతోని ఇండ్లకు అచ్చిన్రు. ఏమీ తేలేదని ఏ ఇంట్ల ఒక్క మాట అనలే.

ఇగ అసలు ముచ్చట.

2022 ఆగస్టు 30. ఖతర్ దేశం, దోహా పట్నం. రాత్రికి రాత్రి ఎనిమిది మంది మనోళ్లను అక్కడి భద్రతా అధికారులు పట్టుకపోయిన్రు. ఎనిమిది మందీ మన నేవీల చేసి రిటైరైనోళ్లు. పేర్లు చెప్త, మనసుల పెట్టుకోండ్రి. కెప్టెన్లు నవ్‌తేజ్ సింగ్ గిల్, బీరేంద్ర కుమార్ వర్మ, సౌరభ్ వశిష్ఠ్. కమాండర్లు అమిత్ నాగ్‌పాల్, పూర్ణేందు తివారీ, సంజీవ్ గుప్తా, ఇంకొకాయన మన తెలుగాయన, పాకాల సుగుణాకర్. ఎనిమిదో మనిషి రాగేశ్, ఆఫీసరు గాదు, సెయిలరు.

సుగుణాకర్‌ది విశాఖపట్నం. విజయనగరం పక్కన కోరుకొండ సైనిక్ స్కూల్ల సదివిండు. 1962ల విజయనగరం రాజులు తమ మహలు ఇస్తే అండ్ల పెట్టిన బడి అది. పదేండ్ల పోరగాండ్లను తీస్కపోయి, పొద్దుగాల్నే లేపి, ఉరికిచ్చి, సదివిచ్చి ఫౌజుకు తయారు చేస్తరు. గసొంటి బడి నుంచి నేవీల చేరి, దర్యా మీద ఉద్యోగం చేసి, కమాండర్ అయిండు. నేవీల కమాండరంటే ఫౌజుల లెఫ్టినెంట్ కర్నలు బరాబరి. విశాఖపట్నం ఉన్నదే నేవీ ఊరు, తూర్పు దర్యా మొత్తానికి అక్కడ్నే హెడ్డాఫీసు. ఆ ఊర్ల నేవీల చేసినోళ్ల ఇండ్లకు లెక్క లేదు.

రిటైరై ఇంటి పట్టున ఉండక అక్కడికెందుకు పోయిన్రు అని మీరడుగుతరు. ఫౌజోళ్ల నౌకరి మన సర్కారు నౌకరీల తీరుగ గాదు బిడ్డా. సెయిలరు పదిహేనేండ్లు చేసి బయటకు అస్తే ఆనికి ఇంకా నలభై నిండవు. ఆఫీసర్లు గూడ చేతుల బలం, తలకాయల ఇల్ము ఉండంగనే ఇంటికి అస్తరు. పిల్లల సదువులు, పెండ్లిళ్లు అప్పుడే ముందటికి అస్తయి. మన ఊర్ల ఫౌజు నుంచి అచ్చినోళ్లు బ్యాంకు ముందట తుపాకి పట్టుకొని కూసుంటలేరా? ఖతరోళ్ల దగ్గర పైసలున్నయి, కొత్త ఓడలు కొంటున్నరు, నడిపిచ్చుడు నేర్పెటోళ్లు కావాలె. మనోళ్ల దగ్గర పనితనం ఉన్నది. మన ఊరి మేస్త్రీ దుబాయి ఎందుకు పోయిండో ఈ కమాండర్లు గూడ అందుకే పోయిన్రు.

ఆళ్లు పని చేసింది దహ్రా గ్లోబల్ అనే కంపినీల. మాలికు ఒమాన్ దేశపోడు, ఆయన గూడ ఒకప్పుడు ఆళ్ల దేశం వైమానిక దళంల ఆఫీసరే. ఖతర్ నేవీకి తాలీము ఇచ్చుడు ఆ కంపినీ పని. అండ్ల పెద్దగ ఉన్న పూర్ణేందు తివారీకి 2019ల మన దేశం ప్రవాసీ భారతీయ సమ్మాన్ ఇచ్చింది. పరదేశంల ఉండి మన పేరు నిలవెట్టినోళ్లకు రాష్ట్రపతి చేతుల మీద ఇచ్చే సన్మానమది. అది అందుకున్న మూడేండ్లకే ఆయన ఖైదుల పడ్డడు.

పట్టుకపోయినంక ఏమైంది? ఏమీ కాలే. అదే నేను చెప్పేది. ఏమీ కాలే, ఏమీ తెల్వలే. మన ఎంబసీకే సెప్టెంబరు నడిమి దాంక సక్కటి ఖబరు లేదు. సెప్టెంబరు 30 నాడు ఇంటోళ్లతోని జరంత సేపు ఫోన్ల మాట్లాడనిచ్చిన్రు. ఎంబసీ అధికారి పోయి మనిషిని కండ్ల సూసింది అక్టోబరు 3 నాడు. నెల దాటింది. ఒక్కొక్కన్ని ఒక్కో అర్రల, ఒంటిగ పెట్టిన్రు. దర్యా మీద నూర్ల మందితోని ఒక్క ఓడల బతికినోళ్లకు పక్కన మనిషి లేకుంట చేసిన్రు. తివారీ తోబుట్టువు గ్వాలియర్ల ఉంటది. ఆమె ఊకోలే. అక్టోబరు నెల ఆఖర్ల నలుగురికి తెలిసేటట్టు రాసింది, మావోళ్లను ఇడిపియ్యుండ్రి అని ప్రధానమంత్రిని, మంత్రులను అడిగింది. ఆమె రాసినంకనే దేశంల చానా మందికి ఈ ముచ్చట తెలిసింది.

అదే ఖతర్ల నవంబరు 20 నాడు ఫుట్‌బాల్ ప్రపంచ కప్పు మొదలైంది. పటాకులు, పాటలు, దునియా మొత్తం ఆ దేశం దిక్కే సూసింది. మీరు గూడ రాత్రి కూసొని ఫైనలు సూసిన్రు, లుసైల్ స్టేడియంల. ఆ స్టేడియాలకు సిమెంటు మోసిన చేతులల్ల మన జగిత్యాల, నిర్మల్ చేతులున్నయి. అదే దేశంల ఈ ఎనిమిది మంది గోడ దిక్కు మొకం పెట్టి కూసున్నరు. నేను ఆ ఆట సూడలే. నాకు సూడబుద్ధి కాలే.

ఆళ్లు ఏం చేసిన్రని అడుగుతున్నవా చిన్నోడా? మంచిగడిగినవ్. ఏం నేరం మోపిన్రో ఖతరోళ్లు బయట పెట్టలే, మన సర్కారూ బయట పెట్టలే. సబ్‌మెరీన్ల రహస్యం ఇజ్రాయెల్‌కు ఇచ్చిన్రట అని పేపర్లు రాసినయి. రాతలే, రుజువు ఎవ్వలూ సూపలే. కంపినీ మాలికును గూడ పట్టుకున్నరు, ఆయనను నవంబర్ల ఇడిసిపెట్టిన్రు. ఎనిమిది మంది లోపల్నే. జమానతు అడిగినప్పుడల్లా లేదన్నరు. 2023 మార్చి 29 నాడు కోర్టుల మొదటి పేషీ అయింది, అంటే పట్టుకున్న ఏడు నెలలకు. మే నెలల కంపినీయే మూతవడ్డది, అండ్ల పని చేసే మిగిలిన మనోళ్లు ఇంటి తొవ్వ పట్టిన్రు.

జాసూసు కేసు ఎందుకంత కష్టమో జర నెమ్మదిగ ఇనుండ్రి. మన సిరిసిల్ల దిక్కు మనుషులు కొందరు దుబాయి జైల్ల ఉన్నరని మీరు ఇన్నరు గదా. 2005ల అక్కడొక నేపాలీ కావలిమనిషి చనిపోయిండు, ఆ కేసుల మనోళ్లకు శిక్ష పడ్డది. అక్కడి కానూను ప్రకారం, చనిపోయినోని ఇంటోళ్లు మాఫీ చేస్తే దారి దొరుకుతది. అప్పటి సిరిసిల్ల ఎమ్మెల్యే కేటీఆర్ నేపాలు దాంక పోయి, ఆ ఇంటోళ్ల చేతుల 15 లక్షలు పెట్టి, మాఫీ కాయిదం తెచ్చిండు. అయినా చానా ఏండ్లు ఇడువలే. సరే, ఎంత ఆలిస్యమైనా ఆ కేసుల అడుగుటానికి ఒక ఇల్లు ఉన్నది, కాళ్లు పట్టుకునేటందుకు ఆ ఇంట్ల మనుషులు ఉన్నరు.

జాసూసు కేసుల ఎవని కాళ్లు పట్టుకుంటవ్? అక్కడ నష్టపోయింది దేశం. ఫిర్యాది దేశం, పోలీసు దేశం, సాచ్చెం దేశం చేతులున్న రహస్యం. రహస్యమన్నంక కోర్టుల అందరి ముందట సదువరు. ఏం నేరమో సక్కగ తెల్వకుంట నేను చెయ్యలే అని ఎట్ల చెప్తవ్? దానికి తోడు, ఫౌజుల చేసినోడన్నంక ఎవడైనా జల్ది నమ్ముతడు. ఆడు దేశం కోసం చేసిన నౌకరే ఆని మెడకు చుట్టుకుంటది. ఇరవై ఐదేండ్ల, ముప్పై ఏండ్ల మంచి పేరు పరదేశంల అనుమానానికి పనికొస్తది. నాకు అన్నిటికన్న ఎక్కువ కడుపుల దేవినట్టయిన సంగతి అదే.

ఈ తొవ్వల పడ్డది ఈ ఎనిమిది మందే గాదు. కశ్మీర్ సింగ్ అని పంజాబాయన. ముందు ఫౌజుల చేసి బయటకచ్చినోడే. 1973ల పాకిస్తాన్ల పట్టుకున్నరు, ఉరిశిక్ష ఏసిన్రు. 35 ఏండ్లు అక్కడి జైల్లల్ల ఉండి, 2008 మార్చి 4 నాడు వాఘా సరిహద్దు దాటి నడుసుకుంట అచ్చిండు. పోయేటప్పుడు పిల్లలు ఇంత ఇంత ఉన్నరు. అచ్చేవరకు ఆళ్లు నడివయసుకు అచ్చిన్రు.

కుల్‌భూషణ్ జాధవ్ ముచ్చట మన భైంసాల చానా మందికి ఎరికే. మన దిక్కు జాధవ్ ఇంటిపేరోళ్లు మస్తుమంది, అందుకే మరాఠీ పేపరు అచ్చిన పొద్దు హోటల్ల అందరు గుమిగూడి సదివేటోళ్లు. ఆయన గూడ నేవీల చేసి బయటకచ్చినోడు, మహారాష్ట్రాయన. ఇరాన్ల బ్యాపారం చేసుకుంటుంటే ఎత్తుకపోయిన్రని మన దేశం చెప్తది, బలూచిస్తాన్ల దొరికిండని పాకిస్తాన్ చెప్తది. 2016 మార్చి 3 నాడు పట్టుకున్నరు. 2017 ఏప్రిల్ 10 నాడు ఆళ్ల ఫౌజు కోర్టు ఉరిశిక్ష ఏసింది. అప్పటి దాంక మన ఎంబసీ మనిషిని ఒక్కపారి గూడ కలువనియ్యలే.

ఆ ఏడాది డిసెంబరు 25 నాడు ఆయన తల్లిని, భార్యను ఇస్లామాబాద్‌ల కలువనిచ్చిన్రు. ఎట్లనుకున్నరు? నడుమ అద్దం. మాట్లాడుడు ఫోన్ల. లోపలికి పోకముందే ఇద్దరి పుస్తెలు తీపిచ్చిన్రు, గాజులు తీపిచ్చిన్రు, బొట్టు తుడిపిచ్చిన్రు. తల్లి కొడుకుతోని మరాఠీల మాట్లాడబోతే ఆపిన్రు. ఈ సంగతి తెల్లారి మన విదేశాంగ శాఖ చెప్తే, నేను సదివి ఇంట్ల చెప్పిన. మీ నానమ్మ చెయ్యి గొంతు మీదికి పోయింది, పుస్తె పట్టుకొని అట్లనే నిలవడ్డది. కన్న తల్లి తన భాషల కొడుకును "ఎట్లున్నవ్ బిడ్డా" అని అడుగుటానికి లేదంటే, దానికన్న పెద్ద శిక్ష ఏ కోర్టు ఏస్తది?

మన దేశం ఆ కేసును హేగ్‌ల ఉన్న అంతర్జాతీయ న్యాయస్థానానికి తీస్కపోయింది. హరీశ్ సాల్వే అనే పెద్ద వకీలు ఒక్క రూపాయి ఫీజుకు వాదించిండు. 2017 మే 18 నాడు ఉరి ఆపిన్రు. 2019 జులై 17 నాడు పూర్తి తీర్పు అచ్చింది. పదహారు మంది జడ్జిలల్ల పదిహేను మంది మన దిక్కు చెప్పిన్రు. ఆళ్లు ఇడిసిపెట్టుమని చెప్పలే. ఏం చెప్పిన్రంటే, 1963ల చానా దేశాలు కూడి వియన్నాల ఒక ఒప్పందం రాసుకున్నయి, అండ్ల 36వది ఒక మాట ఉన్నది. పరదేశపోన్ని పట్టుకుంటే, నీ ఎంబసీకి ఖబరు పంపుకోవచ్చని ఆనికి చెప్పాలె. ఆడు పంపుమంటే ఆలిస్యం లేకుంట పంపాలె. ఎంబసీ మనిషి పోయి కలువనియ్యాలె, వకీలును పెట్టనియ్యాలె. జాసూసన్నా సరే, ఈ హక్కు పోదు అని ఆ కోర్టు తేల్చి చెప్పింది. జాధవ్ ఇప్పటికీ అక్కడి జైల్లనే ఉన్నడు, కని ఉరి పడలే.

నేను ఆ తీర్పు సదివినప్పుడు మస్తుసేపు పేపరు పట్టుకొనే కూసున్న. గంత గంత పెద్ద జడ్జిలు, గన్ని దేశాలు కూడి ఆఖరికి రాసిందేంది? ఖబరు పంపనియ్యుండ్రి. గంతే గదా. కువైట్ లడాయప్పుడు మన టపాఖానా అరుగు మీద కూసున్న ఆడోళ్లు అడిగింది గూడ అదే.

ఒరే పెద్దోడా, నువ్వు పాస్‌పోర్టు చేపిచ్చుకున్నవట, మీ అమ్మ చెప్పింది. పో, వద్దననను. కని పాస్‌పోర్టు నకలు, వీసా నకలు, కంపినీ పేరు, అక్కడి మన ఎంబసీ ఫోన్ నంబరు, ఇయన్నీ ఇంట్ల రాసిపెట్టి పో. సర్కారోళ్ల మదద్ పోర్టల్ ఉన్నది, ఇంటోళ్లు అండ్ల ఫిర్యాదు పెట్టొచ్చు, దాని తీరు మీ చెల్లెకు నేర్పిచ్చు. అక్కడ ఓడల, ఫౌజు గేట్ల, పోలీసు ఠాణాల ఫోటోలు దిగకు. ఏ కాయిదం మీదనైనా సదువకుంట, ఎవ్వలతోనన్న సదివిచ్చుకోకుంట సంతకం పెట్టకు.

మల్ల దోహాకు పోదాం. 2023 అక్టోబరు 7 నాడు గాజాల లడాయి మొదలైంది, అరబ్బు దేశాలన్నీ మండుతున్నయి. అక్టోబరు 26 నాడు దోహా కోర్టు తీర్పు చెప్పింది. ఎనిమిది మందికీ మరణశిక్ష. తీర్పు కాయిదం గూడ రహస్యమే, వకీళ్లకు తప్ప ఎవ్వలికి సూపలే. ఖతర్ల మరణశిక్షలు తక్కువ, నిజమే, కని 2020ల ఒక నేపాలీ కూలిమనిషిని కాల్చి చంపిన్రు. అంటే ఆ దారి మూసి లేదు. విశాఖపట్నంల ఆ ఇంట్ల ఆ పొద్దు ఎట్ల గడిసిందో నేను ఊహించను, ఊహించుడు గూడ తప్పే అనిపిస్తది.

మన సర్కారు ఆ రోజే, ఈ తీర్పు మాకు పెద్ద దెబ్బ, ఉన్న దారులన్నీ సూస్తం అని చెప్పింది. అక్టోబరు 30 నాడు విదేశాంగ మంత్రి జైశంకర్ ఎనిమిది మంది ఇంటోళ్లను పిలిపిచ్చుకొని కలిసిండు. నవంబర్ల అప్పీలు పడ్డది, కోర్టు తీసుకున్నది. డిసెంబరు 1 నాడు ప్రధానమంత్రి మోదీ దుబాయి సభకు పోయి, అక్కడ ఖతర్ రాజు తమీమ్‌ను కలిసిండు. డిసెంబరు 3 నాడు మన రాయబారి జైలుకు పోయి ఎనిమిది మందినీ సూసిండు. డిసెంబరు 28 నాడు అప్పీలు కోర్టు మరణశిక్ష తీసేసి ఖైదు చేసింది, ఒకలకు తక్కువ, ఒకలకు పాతికేండ్ల దాంక అని పేపర్లు రాసినయి.

ఇన్ని నెలలు మన సర్కారు బయట లొల్లి చెయ్యలే. అప్పుడు మన హోటల్ల కూసున్నోళ్లకు కోపమచ్చింది, గట్టిగ మాట్లాడాలె అన్నరు. నేనేమన్ననంటే, కంట్ల పడ్డ నలుసును తీసేటోడు ఊపిరి బిగవట్టి తీస్తడు, ఒర్రుకుంట తియ్యడు. ఖతర్ల మనోళ్లు ఏడెనిమిది లక్షల మంది ఉన్నరు, అక్కడి పైసలతోని ఇక్కడ పొయ్యిలు మండుతున్నయి. పరదేశాల నుంచి మనం కొనే సహజవాయువు అన్నిటికన్న ఎక్కువ అచ్చేది ఆళ్ల దగ్గర్నుంచే. యూరియా తయారయ్యేది గూడ ఆ వాయువుతోనే, పత్తి పెట్టే మనకు దాని ఇలువ ఎరికే గదా. 2024 ఫిబ్రవరి 6 నాడు ఆ వాయువు ఒప్పందాన్నే ఇంకా ఇరవై ఏండ్లు పొడిగించిన్రు, ఏడాదికి 75 లక్షల టన్నులు. రెండు దేశాల నడుమ గంత ఇచ్చిపుచ్చుకునుడు ఉన్నప్పుడు, తలుపేసుకొని మెల్లగ చెప్పిన మాటనే ఇంటరు. గట్టిగ ఒర్రితే ఆ రాజుకు ఎనుకకు తగ్గుటానికి తావు ఉండదు.

2024 ఫిబ్రవరి 12 నాడు ఇంకా తెల్లారకముందే ఏడుగురు ఢిల్లీల దిగిన్రు. రాజు మాఫీ చేసిండు. పట్టుకపోయి పదిహేడు నెలలు దాటింది అప్పటికి. టీవీల సూసిన నేను, మామూలు అంగీలు ఏసుకున్న మనుషులు, జర ఎండిపోయిన మొకాలు, భారత్ మాతా కీ జై అన్నరు. ప్రధానమంత్రి పట్టుకొని అడుగకుంటే మేమిక్కడ నిలవడేటోళ్లం కాదన్నరు. మన సుగుణాకర్ ఆ ఏడుగురిల ఉన్నడు. రెండు రోజులకే ప్రధానమంత్రి దోహా పోయి ఖతర్ రాజుకు షుక్రియా చెప్పిండు.

అదే ఫిబ్రవరి నెలల ఇంకో సంగతైంది. దుబాయి జైల్ల పద్దెనిమిదేండ్లు ఉన్న సిరిసిల్లోళ్లు గూడ ఇడుదలై, శంషాబాద్‌ల విమానం దిగిన్రు. ఆళ్లు కమాండర్లు గాదు, కూలికి పోయినోళ్లు. ఆళ్ల కోసం హేగ్‌కు ఎవ్వలు పోలే, దుబాయి సభల ఎవ్వలు మాట్లాడలే. ఊరోళ్లు, ఒక ఎమ్మెల్యే, గల్ఫోళ్ల సంఘాలోళ్లు, కొంతమంది వకీళ్లు ఇడువకుంట తిరిగిన్రు. నేవీ ఆఫీసర్ల కోసం దేశం పదిహేడు నెలలు పనిచేసింది, మంచిగ చేసింది, సంతోషం. మన కూలోళ్ల కోసం గూడ అంతే పట్టుదలతోని చెయ్యాలె అని నేను అప్పుడన్న, ఇప్పుడంట. అరబ్బీ రాని మనిషి, వకీలుకు పైసలు లేని మనిషి, ఏ కాయిదం మీద ఏలిముద్ర పెట్టిండో తెల్వని మనిషి అక్కడ ఇంకా జైల్లల్ల ఉన్నరు. ఆళ్ల ఇండ్లు మన ఊర్లల్లనే ఉన్నయి, నేను టపా పంచిన గల్లీలల్లనే ఉన్నయి.

ఏమన్నవ్ చిన్నోడా? ఎనిమిది మందంటివి, అచ్చింది ఏడుగురంటివి, ఇంకొకలేరి అంటున్నవా? నువ్వు లెక్క పెట్టినవ్ సూడు, టీవీలోళ్లు ఆ పొద్దు పెట్టలే. ఎనిమిదో మనిషి పూర్ణేందు తివారీ. రాష్ట్రపతి సన్మానం అందుకున్న ఆయననే. ఆ పొద్దు ఆయన విమానమెక్కలే, దోహాలనే ఉండిపోవాల్సొచ్చింది. ఎందుకో, ఇంకేం కేసో అని పేపర్లల్ల ఒక మూలకు నాలుగు వరుసలు అచ్చేటియి, అవి గూడ రాను రాను తగ్గినయి. ఏడుగురు అచ్చిన పొద్దే ఈ ముచ్చట ఒడిసిందని అందరు పేపరు మడిచి పక్కకు పెట్టిన్రు. గ్వాలియర్ల ఉన్న ఆ తోబుట్టువు మాత్రం పెట్టలే. తమ్మునికో అన్నకో ఏమైందని ఆమె అడుగుతనే ఉన్నది. నేను గూడ పొద్దుగాల పేపరు అస్తే ఆ పేరే ఎతుకుత.